తొమ్మిదో బావి మీద కుట్ర

పక్ సెనో ముందు పిట్టను పలకరించాడు, తరువాత శవం సంగతి చెప్పాడు.

"మనవాడే. లాంతరు ముఠాలో మనం నాటిన మనిషి. సెమరాంగ్ రేవులో రెండు బొగ్గు ఓడల మధ్య తేలాడు."

చెబుతూనే తాడు లాగాడు. పంజరం ఊగుతూ వెదురు గడ కొసకు ఎక్కింది. లోపల పెర్కుటుట్ గువ్వ రెక్కలు దులుపుకుని, ఎండ వైపు తిరిగి గొంతు సవరించుకుంది. పరువున్న మగవాడికి ఇల్లు, ఇల్లాలు, గుర్రం, కత్తి, పిట్ట ఉండాలని జావాలో ఒక మాట. పక్ సెనోకు గుర్రం బదులు పాత జీపు ఉంది. ఇల్లాలు పోయి చాలాకాలమైంది. ఉన్నవాటిలో పిట్టదే పెద్దపీట. ఏ ఊళ్లో డ్యూటీ పడినా పంజరమూ, మడత గడా ఆయన వెంట వెళ్లాల్సిందే. డిపార్ట్‌మెంట్‌లో దాన్ని డిప్యూటీ డైరెక్టర్ అంటారు, ఆయన వినకుండా.

"చచ్చేముందు ఏమైనా పంపాడా, పక్?" అంది ఆయన కింద పనిచేసే గూఢచారి కినాంతి.

"రెండే ముక్కలు. 'వాతు కుకుస్. ప్రారంభోత్సవం.'"

కినాంతి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. వాతు కుకుస్ దియెంగ్ కొండల మీద ఉంది. అక్కడ భూమి లోపలి ఆవిరితో కరెంటు తీసే కొత్త కేంద్రం ఈ బుధవారం మొదలవుతుంది. తొమ్మిదో బావి మెడ దగ్గర వాల్వ్ చూసుకునే ఇంజినీరు పేరు గలిహ్. వాళ్లిద్దరి పెళ్లయి ఇంకా నెల నిండలేదు. ఆ పేరు ఎక్కడ వినిపించినా కినాంతికి నవ్వొస్తుంది. ఈసారి రాలేదు.

"లాంతరు వాళ్లకు ఏ దేశం జెండా అవసరమైతే ఆ జెండా ఎగరేసే ఓడలున్నాయి," అన్నాడు పక్ సెనో. "మన తీరంలో మూడు బొగ్గు కేంద్రాలకు మేత వాళ్లదే. మంత్రి ఇబు హర్యాతి ఆ రోజు వేదిక మీదే సంతకం పెడితే ఆ మూడూ మూతపడతాయి. పెట్టకపోతే మళ్లీ ముప్పై ఏళ్లు మన ఆకాశం వాళ్లదే. నీ పని మంత్రి పక్కన ఉండటం. ఏం జరిగినా ఆ టెంట్ వదలకు, నుదుక్. అర్థమైందా?"

పక్ అంటే అయ్యా, ఇబు అంటే అమ్మా, నుదుక్ అంటే అమ్మడూ అని. తండ్రి లేని పిల్ల ఆమె. పెళ్లిలో తండ్రి కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. ఆచారం ప్రకారం కొత్త జంటను చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని తూచాడు. "ఎవరు బరువు?" అని అమ్మ అడిగితే, "ఇద్దరూ సమానమే" అన్నాడు. గలిహ్ నిజానికి ఎనభై కిలోలుంటాడు. పక్ సెనో మోకాలికి వారం రోజులు నూనె రాసుకోవాల్సి వచ్చింది.

"అర్థమైంది, పక్."

*

దియెంగ్ చలి మనుషుల్ని దగ్గర చేస్తుంది. కొత్త దంపతులకు అంతకంటే గొప్ప ప్రభుత్వ పథకం లేదు.

మంగళవారం సాయంత్రం రోడ్డు పక్క బండి దగ్గర, తెంపె కెముల్ అనే వేడి వేడి సోయా బజ్జీలు పచ్చిమిరపకాయతో కొరుక్కుంటూ ఇద్దరూ ఒకే శాలువాలో నిలబడ్డారు. గలిహ్ చల్లటి చేతులు ఆమె జేబుల్లో ఉన్నాయి. జావా ఆలుమగల పిలుపుల్లో అతను మస్, ఆమె దెక్.

"వాతావరణ శాఖ అధికారిగారూ, రేపు వాన పడుతుందా?"

"పడదు."

"అయితే గొడుగు తెచ్చుకుంటా."

"మస్! నా ఉద్యోగం మీద అంత చులకనా?"

"పెళ్లినాడు కూడా పడదనే అన్నావు, దెక్. మా పెద్దత్త ఇప్పటికీ చెప్పులు వెతుక్కుంటోంది."

కినాంతి అతని జాకెట్‌లో ముఖం దాచుకుని నవ్వింది. వెంటనే ముక్కు మూసుకుంది. "అబ్బ! కుళ్లిన కోడిగుడ్డు కంపు."

"బావి వాసన. అది నా జీతం." అతను కాగితం పొట్లంలో చివరి ముక్క ఆమె నోట్లో పెట్టాడు. "బావిని ఎక్కువ రోజులు మూసి ఉంచితే మెడ దగ్గర ప్రాణం తీసే ఆ గ్యాస్ పేరుకుంటుంది. తెరిచేటప్పుడు ముందు దాన్ని కాస్టిక్ సోడానీళ్ల తొట్టిలోంచి పంపి కడిగేస్తాం. కడగకుండా వదిలితే గాలికంటే బరువు కదా, నీళ్లలా పల్లానికి పారుతుంది."

"పల్లంలో ఏముంది?"

"ప్రస్తుతానికి మంత్రిగారి టెంట్." గలిహ్ నవ్వాడు. "భయపడకు. రేపు ఆమె బటన్ నొక్కితే గ్యాస్ బుద్ధిగా తొట్టిలోకి వెళ్తుంది. నేను పక్కనే ఉంటాగా."

టెంట్‌కు ఎగువన గెస్ట్‌హౌస్ ముంగిట్లో అప్పటికే ఒక మడత గడ నిలబడి ఉంది. కొసన పంజరం. బంగాళాదుంప ఆకుల మీద ఉప్పు చల్లినట్టు మంచు గడ్డకట్టే చలిలో కూడా డిప్యూటీ డైరెక్టర్ పాడుతోంది.

*

బుధవారం ఉదయం కినాంతి వంటవాళ్ల ఆకుపచ్చ కెబాయా రవిక తొడుక్కుని, చేతిలో టీ ట్రేతో టెంట్‌లో తిరిగింది. ముడిలో సవరం, సవరంలో రేడియో. జడపిన్ను మైకు. బరువుకు మెడ పీకుతోంది కానీ, అద్దంలో మాత్రం పెళ్లినాటి కంటే బాగుందనిపించింది.

టెంట్ నిండా రాయబారులు, రైతులు, టీవీ కెమెరాలు. ముందు వరసలో కియాయి మస్రూర్ కూర్చున్నాడు. ఆ కొండల్లో అందరికన్నా పెద్ద మతగురువు. ఆయన ప్రార్థన ఎంత పొడుగంటే, మొదట్లో పొయ్యి మీద పెట్టిన అన్నం ఆమీన్ నాటికి మాడుతుందని ఊళ్లో అనుకుంటారు. అందుకే కాబోలు, కార్యక్రమంలో ఆయనకు ఇచ్చిన ప్రార్థన ఒకటే. అది అయిపోయింది కూడా.

మైకు పట్టుకుని నిలబడినది రెంగ్గానిస్. పాటగత్తె. బంగారు జరీ కెబాయాలో ఆమె కళ్లు తిప్పితే కెమెరాలు తమంతట తామే తిరుగుతాయి. లాంతరు ముఠా జీతం తీసుకుంటుంది, వాళ్ల కబుర్లు కినాంతికి అమ్ముతుంది.

కినాంతి ట్రే చాచింది. "టీలో పంచదార ఎక్కువైందేమో, మేడమ్."

"తీపి లేకపోతే అది టీ కాదు, కషాయం." కోడ్ సరిపోయింది. గ్లాసు అందుకుంటూ పెదవి కదపకుండా చెప్పింది, "మంత్రి కుర్చీ కింద పెట్టె. బాంబు. నేను చెప్పానని ఎక్కడా అనకు, అక్కా."

కుర్చీ కింద నిజంగానే పెట్టె ఉంది. కినాంతి జారిన గ్లాసు తీస్తున్నట్టు వంగి, జడపిన్ను కొసతో దాన్ని తెరిచింది. గడియారం, తీగలు, మట్టిముద్ద. ఎర్రతీగ ఎర్రగా, నల్లతీగ నల్లగా, బొమ్మలపుస్తకంలో ఉన్నంత పద్ధతిగా ఉన్నాయి. తెంపింది. గడియారం ఆగింది. ఇంత సులువా అనిపించింది.

"పక్, పెట్టె దొరికింది. పని అయిపోయింది," అంది రేడియోలో.

"శభాష్, నుదుక్. నేను గెస్ట్‌హౌస్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. అక్కడే ఉండు. కదలకు."

ఆ గొంతు వెనక, చాలా దగ్గరగా, గువ్వ కూసింది. గాలి చప్పుడు లేదు. అద్దాలు మూసిన చోట కూసినట్టు గుండ్రంగా వినిపించింది.

కినాంతి టెంట్ అంచుకు వచ్చి గెస్ట్‌హౌస్ వైపు చూసింది. గడ ఉంది. కొసన తాడు గాలికి కొట్టుకుంటోంది. పంజరం లేదు.

నిన్న ఇంతకు రెట్టింపు చలి. అయినా పిట్ట పైనే ఉంది. ఇవాళ ఎండ కాస్తోంది. ఇంత మంచి ఉదయం గడ ఖాళీగా ఉంచడం పక్ సెనో భార్య పోయిన రోజు కూడా జరగలేదు. ఆమె ట్రే అడుగున ఉన్న బుల్లి బైనాక్యులర్ తీసి కొండ మీదికి తిప్పింది. గాలి వచ్చే దిక్కున, గట్టు మీద, బావికంటే బాగా ఎత్తులో పాత జీపు ఆగి ఉంది. ముందు సీట్లో నల్లగుడ్డ కప్పిన గుండ్రటి ఆకారం. దానికి సీటు బెల్టు కూడా పెట్టారు.

పిట్టలు ముందు చచ్చేది బాంబుకు కాదు, విషగాలికి.

ఆమె వెంటనే ఛానెల్ మార్చింది. "మస్! గలిహ్! నేను."

"దెక్? ఈ లైన్లోకి నువ్వెలా..."

"నాది వాతావరణ శాఖ కాదు."

"తెలుసు," అన్నాడు గలిహ్. "అన్నిసార్లు తప్పు చెప్పేవాళ్లను ఆ శాఖ కూడా ఉంచుకోదు. చెప్పు."

"అక్కడ వాసన వస్తోందా?"

"ఎప్పటిలాగే."

"సెన్సర్ ఎంత చూపిస్తోంది?"

మీటరు మీద వేలితో తట్టిన చప్పుడు. తరువాత అతని గొంతులో నవ్వు పోయింది. "సున్నా. ఇక్కడ ఎప్పుడూ సున్నా ఉండదు." పరిగెత్తుతున్న అడుగులు, ఇనుము మోత. "తొట్టి గొట్టం ఊడదీశారు. కొత్త గొట్టం బిగించారు. అది మురుగు కాలవలోకి... దెక్, ఆ కాలవ మీ టెంట్ కిందుగా వెళ్తుంది. ఆమె బటన్ నొక్కితే ఇక్కడ నేను, అక్కడ మీరంతా..."

"బటన్ తీగ తెంపెయ్."

"తెంపినా తెరుచుకునేలా మార్చారు. అడుగున చేతిచక్రం ఉంది, అది మూయాలి. బిగుసుకుపోయి ఉంది. నాకు టైం కావాలి."

వేదిక మీద మంత్రి లేచింది. బంగారు రంగు బటన్ ఉన్న బల్ల వైపు నడుస్తోంది.

కినాంతికి మొత్తం కళ్లకు కట్టింది. మంత్రిని చంపితే ఇంకో మంత్రి వస్తారు. కానీ మంత్రి తన వేలితోనే రెండొందల మందిని, టీవీ చూస్తుండగా, భూమి ఆవిరితో చంపితే ఇక ఏ ప్రభుత్వమూ ఆ ఆవిరి పేరెత్తదు. బాంబు పెట్టె ఆమెను టెంట్‌లో కట్టిపడేయడానికే. "పరిగెత్తండి" అని అరిస్తే? గట్టు మీది బైనాక్యులర్ చూస్తుంది. అక్కడ రెండో బటన్ ఉండకుండా ఉంటుందా? పక్ సెనో నేర్పిన మొదటి పాఠమే, ఎప్పుడూ రెండో దారి ఉంచుకోమని.

ఆమె రెంగ్గానిస్ మోచెయ్యి పట్టుకుంది. "పెట్టె సంగతి నీకు చెప్పింది ఎవరు?"

"వదులు, అక్కా, జరీ పాడవుతుంది."

"మా పక్ సెనోయే కదా? కొండ మీదికి చూడు. ఆయన అక్కడ. ఆయన పిట్ట కూడా అక్కడే. నువ్వెక్కడున్నావు?"

రెంగ్గానిస్ చూసింది. పౌడరు కింద ముఖం తెల్లబోయింది. "ఉత్త గొడవే అన్నాడు. నా మీద ఈగ కూడా వాలదన్నాడు."

"ఇప్పుడు నువ్వు ఏ పక్షం?"

"బతికే పక్షం." ఆమె పళ్ల మధ్య నుంచి చెప్పింది. "ఏం చేయాలి?"

"ప్రార్థన."

మంత్రి వేలు బటన్ మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి తేనె పారింది.

"మాన్య అతిథులారా! ఈ శుభకార్యం ముందు, మన కియాయి మస్రూర్‌గారు మరొక్కసారి ప్రార్థన చేయిస్తారు. అందరూ తలలు వంచి..."

"ఇందాకే అయిందిగా?" ఎవరో గొణిగారు. "ఊరుకోరా, పాపం తగులుతుంది," ఇంకెవరో గదిమారు. ఆ దేశంలో ప్రార్థన అన్నాక అధ్యక్షుడైనా ఆగాల్సిందే. రెండొందల తలలు వంగాయి, అరచేతులు ఆకాశం వైపు తెరుచుకున్నాయి. మంత్రి బటన్ మీది చెయ్యి తీసి మరో చేతితో కలిపింది. కియాయి మస్రూర్ ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది. ఒకే సభలో రెండోసారి పిలవడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి.

ఆయన ఆదిమానవుడి దగ్గర మొదలుపెట్టాడు.

"మస్, ఎంతవరకు వచ్చింది?"

"సగం." గలిహ్ ఊపిరి రేడియోలో ఈల వేస్తోంది. "ఎవరది మాట్లాడేది?"

"కియాయి మస్రూర్."

"దేవుడున్నాడు."

ప్రార్థన సముద్రాలు దాటింది. నావికులు, వితంతువులు, బంగాళాదుంప పంట, పరీక్షలు రాసే పిల్లలు, అందరి వంతూ వచ్చింది. కెమెరామన్ ఒకడు కాలు మార్చుకున్నాడు. గట్టు మీద జీపు తలుపు తెరుచుకుంది. పక్ సెనో దిగి, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని టెంట్ వైపు చూస్తున్నాడు. ప్రార్థన చేస్తున్న గుంపులో ఆయనకు అనుమానించదగినది ఏమీ కనిపించలేదు. ఆయన కూడా, అలవాటు ప్రకారం, అరచేతులు తెరిచాడు.

మంత్రి సహాయకుడు కియాయి చెవిలో ఏదో ఊదాడు. పెద్దాయన నొచ్చుకున్నట్టు తల ఆడించి, గొంతు దించాడు. ప్రార్థన ఇల్లు చేరుతోంది.

"మస్!"

"ఇంకొక్క తిప్పు... చేతులు జారుతున్నాయి..."

"జారనివ్వకు. ఇంటికొచ్చాక ఆ చేతులతో నాకు పనుంది."

"ఆమీన్!" అంది సభ.

మంత్రి వేలు బటన్‌ను నొక్కింది.

ఏమీ జరగలేదు. ఆవిరి లేదు, మోత లేదు, కాలవలోంచి బుస లేదు. నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు.

"మూసేశా," అంది రేడియో, ఏడుస్తున్నట్టు. "దెక్, మూసేశా."

మరుక్షణం గట్టు మీద పక్ సెనో జేబులోంచి చిన్న పెట్టె తీసి రెండుసార్లు, మూడుసార్లు నొక్కాడు. అప్పటికే అది బొమ్మ.

*

గట్టు దిగే దారికి అడ్డంగా బంగాళాదుంపల లారీ ఆగి ఉంది. కినాంతి చెక్‌పోస్టుకు చేసిన ఒక్క ఫోన్ ఫలితం అది. ఆమె కెబాయా కింద చుట్టుకున్న బట్టను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, మట్టిగడ్డలు తన్నుకుంటూ గట్టు ఎక్కేసరికి పక్ సెనో జీపులో కూర్చుని ఉన్నాడు. పిట్ట మీద గుడ్డ తీసేశాడు. పారిపోయే ప్రయత్నమేదీ లేదు.

"ప్రార్థన నీ ఆలోచనేనా?"

"నాదే, పక్."

"బాగుంది. నేను నేర్పలేదు అది."

"ఎందుకు చేశారు?"

ఆయన కొండల వైపు చూశాడు. "ఐదుగురు మంత్రుల్ని చూశాను, నుదుక్. ప్రతివాళ్లూ వచ్చి సూర్యుడన్నారు, గాలన్నారు, ఆవిరన్నారు. రిబ్బను కత్తిరించి వెళ్లిపోయారు. బొగ్గు ఓడ మాత్రం చెప్పిన తేదీకి వచ్చింది. మాట తప్పనివాళ్ల వైపు వెళ్లాను, అంతే."

"రేవులో తేలినవాడు మీ మాట నమ్మాడు."

ఆయన పంజరం గుడ్డను మడతపెట్టసాగాడు.

"నన్ను టెంట్ వదలొద్దన్నారు. గలిహ్ బావి దగ్గర ఉంటాడని మీకు తెలుసు. ఏదో ఒక వంక పెట్టి మమ్మల్ని జాకార్తా పంపించొచ్చుగా?"

"నువ్వు అక్కడ లేకపోతే తరువాత అందరూ నన్నే చూస్తారు." చాలా మామూలుగా, బ్రీఫింగ్‌లో చెప్పినట్టే చెప్పాడు. "నా కూతురులాంటి పిల్ల పోతే నన్నెవరూ అడగరు."

"పిట్టను మాత్రం తెచ్చుకున్నారు."

మొదటిసారి ఆ ముసలి ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "ఈ గొంతు మళ్లీ దొరకదు, నుదుక్."

కినాంతి జీపు తలుపు పట్టుకుని నిలబడింది. కోపం వస్తే బాగుండుననిపించింది. తొడ మీద కూర్చున్నప్పుడు ఆయన బట్టల్లోంచి వచ్చిన లవంగాల వాసన మాత్రం గుర్తొచ్చింది.

"పెళ్లిలో మమ్మల్ని తూచారు. ఇద్దరూ సమానమేనన్నారు," అంది. "పిట్టకంటే ఎంత తక్కువో ఆ రోజే చెప్పాల్సింది. మా అమ్మ విందు ఖర్చైనా మిగిలేది."

కమాండోలు వచ్చి ఆయన్ను దించారు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఇక నుంచి తనను నుదుక్ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

*

టెంట్ వెనక గదిలో మంత్రి ఇబు హర్యాతి చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. బయట అతిథులకు చిన్న సాంకేతిక లోపమని చెప్పి భోజనాలు పెట్టేస్తున్నారు. గలిహ్ చర్మం ఊడిన అరచేతులకు గుడ్డ చుట్టుకుని, భార్య భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. జరిగినదంతా కినాంతి చెప్పింది. మంత్రి మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"తొట్టి గొట్టం బిగించి, కడిగి తెరవడానికి ఎంతసేపు పడుతుంది?" చివరికి గలిహ్‌ను అడిగింది.

"మధ్యాహ్నానికి అయిపోతుంది, ఇబు. ఆలోగా మీరు సంతకం..."

"సంతకం." ఆమె చేతిసంచీ లోంచి మడతపెట్టిన ప్రసంగం తీసింది. "మీకు నిజం చెప్పాలి. ఇందులో సంతకం లేదు. రాత్రి పార్టీవాళ్లు వచ్చారు. ఎన్నికలు, బొగ్గు ఊళ్ల ఓట్లు, ఏవేవో చెప్పారు. బటన్ నొక్కి, చప్పట్లు కొట్టించుకుని, బొగ్గు కేంద్రాల సంగతి ఒక కమిటీకి అప్పగిస్తానని చదవడానికి వచ్చాను."

కినాంతి భర్త చేతుల వైపు చూసింది. గుడ్డలోంచి నెత్తురు ఊరుతోంది. రేవులో తేలిన మనిషి, గట్టు మీది జీపు, బిగుసుకున్న చక్రం, ఇదంతా ఒక కమిటీ కోసమా?

"అయితే పక్ సెనో చెప్పింది నిజమే," అంది మెల్లగా. ఒక మంత్రితో అలా మాట్లాడకూడదని తెలుసు. ఈ రోజుకు మోసాలు చాలు అనిపించింది. "మీరూ రిబ్బను కత్తిరించడానికే వచ్చారు."

మంత్రికి కోపం రాలేదు. తన బొటనవేలికేసి, బటన్ నొక్కిన ఆ వేలికేసి చూసుకుంది.

"మా ఆర్థిక శాఖ వాళ్లు మూడేళ్లుగా నాకు ఒకటే చెబుతున్నారు, ఈ ఆవిరి బొగ్గుకు పోటీ కాదని," అంది. "బొగ్గువాళ్లు మాత్రం దీన్ని ఆపడానికి మీ పెద్దాయన్ని కొన్నారు, పాటగత్తెను కొన్నారు, రెండొందల మందిని చంపడానికి సిద్ధపడ్డారు. వాళ్లకే దీని మీద ఇంత నమ్మకం ఉంటే, నాకు లేకపోతే సిగ్గుచేటు." ప్రసంగాన్ని నాలుగు ముక్కలు చేసి సహాయకుడి చేతిలో పెట్టింది. "పెన్ను ఇవ్వు. కెమెరాలను పిలువు. ఆ కియాయిగారిని మాత్రం పిలవకు, సాయంత్రంలోగా అయిపోవాలి."

మధ్యాహ్నం తొమ్మిదో బావి తెల్లగా బుసకొట్టింది. టర్బైన్ తిరిగింది. మూడు బొగ్గు కేంద్రాల మూసివేత ఉత్తర్వు మీద సంతకం టీవీలో దేశమంతా చూసింది. రెంగ్గానిస్ చేతికి బేడీలు పడేదాకా కెమెరా వైపే నవ్వింది.

ఇదంతా ప్రభుత్వ దృఢ రాజకీయ సంకల్పానికి నిదర్శనమని ఆ సాయంత్రం అధికార ప్రకటన వచ్చింది. ఆ సంకల్పం ఖర్చంతా బొగ్గు ఓడల ముఠాయే భరించిందన్న మాట మాత్రం, వినయం కొద్దీ, చేర్చలేదు.